బెజవాడ ఎఫ్‌ఎం ఆగిపోయే చోటు

విజయవాడ నుంచి ఏలూరు దగ్గరి పెదపాడుకు గాలిలో తిన్నగా గీత గీస్తే సుమారు 45 కిలోమీటర్లు. ఏలూరుకు గీస్తే 50 దాటుతుంది. ఈ రెండు అంకెల మధ్యలో ఎక్కడో నగరం రేడియో అయిపోతుంది. 93.5 మీద రెడ్ ఎఫ్‌ఎం, 98.3 మీద మిర్చి, 102.2 మీద ఆకాశవాణి రెయిన్‌బో కృష్ణవేణి, ఈ మూడూ బెజవాడ వీధుల్లో గోడ చాటున కూడా ఖంగుమని పలుకుతాయి. హనుమాన్ జంక్షన్ దాటి కలపర్రు టోల్‌ప్లాజా వైపు వచ్చేసరికి మాత్రం లెక్క ప్రకారం అంచుకు చేరుతాయి. ఎఫ్‌ఎం ఎదుగుదల గురించి రాసేవాళ్లందరూ నగరం నడిబొడ్డున మొదలుపెడతారు. ఈ వ్యాసం అంచున మొదలవుతుంది. ఏలూరు, పెదపాడు, కైకలూరు, తాడేపల్లిగూడెం ఉన్నది ఆ అంచునో దాని అవతలో కాబట్టి.

ముందు ఎత్తుల లెక్క చూద్దాం. ఎఫ్‌ఎం ప్రసారాలకు కేటాయించినది 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీ. 300ను స్టేషన్ నంబరుతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 102.2కు 2.94 మీటర్లు, 98.3కు 3.05 మీటర్లు. ఇంత పొట్టి తరంగం భూమి వంపు వెంట పాకలేదు, దాదాపు చూపు ఆనేంత మేరే వెళుతుంది. ఆ మేర ఎంతో తేల్చడానికి ఇంజనీర్ల దగ్గర చిన్న సూత్రం ఉంది. టవరు ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. వినేవాళ్ల యాంటెన్నా ఎత్తుకూ అదే లెక్క వేసి, రెండూ కూడాలి.

టవరు 100 మీటర్లు అనుకుందాం. వర్గమూలం 10, కనుక 41 కిలోమీటర్లు. కారు యాంటెన్నా నేలకు మీటరున్నర ఎత్తున ఉంటుంది, దాని వాటా 5. మొత్తం 46. డాబా మీద నాలుగు మీటర్ల ఎత్తున తీగ కట్టుకుంటే దాని వాటా 8, మొత్తం 49. పెదపాడు దూరం 45 అని ముందే అనుకున్నాం. అంటే రోడ్డు మీద వెళ్లే కారుకు ఒక్క కిలోమీటరు తేడాలో అందుతుంది, ఇంట్లో నేల మీద కూర్చున్న మనిషి చేతిలోని ఫోనుకు అందీ అందనట్టు ఉంటుంది. ఏలూరు వచ్చేసరికి డాబా యాంటెన్నా కూడా గీత అవతల పడుతుంది. తరంగాలు ఆ గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగవు. కొంత వంగుతాయి, వాతావరణం కలిసొచ్చిన వేకువల్లో ఇంకా దూరం పోతాయి. రోజూ నమ్ముకోదగిన ప్రసారానికి మాత్రం హద్దు ఇదే.

మరి టవరు పెంచితే? దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగు రెట్లు కావాలి. 41 కిలోమీటర్లను 82 చేయాలంటే 100 మీటర్ల టవరు స్థానంలో 400 మీటర్ల టవరు లేపాలి. పవరు పెంచినా పెద్ద లాభం లేదు. ట్రాన్స్‌మిటరు బలం నాలుగింతలు చేస్తే గీత లోపల ఉన్నవాళ్లకు ఇంకా గట్టిగా వినబడుతుంది, గీత మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. పైగా ఎఫ్‌ఎంలో స్టీరియో అనే విలాసం ఒకటుంది. మోనోకు చాలే బలం స్టీరియోకు చాలదు. అందుకే అంచున ఉన్న ఊళ్లలో ముందు పాట వెనకాల బుసబుసలు మొదలై, ఆ తర్వాత పాటే మాయమవుతుంది.

గన్నవరం దాటాక మన నేల చదును. కొల్లేరు అభయారణ్యం హద్దునే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీతతో గుర్తించారు, ఆ గీత లోపలి విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. అడ్డుగా కొండ లేదు, గుట్ట లేదు. కాబట్టి పుస్తకంలోని సూత్రం ఇక్కడ దాదాపు ఉన్నది ఉన్నట్టు పనిచేస్తుంది. పెదపాడుకు బెజవాడ ఎఫ్‌ఎం సరిగా అందకపోతే కారణం భూమి గుండ్రంగా ఉండటం, టవరు నగరం కోసం కట్టినది కావటం. మొదటి కారణాన్ని ఎవరూ మార్చలేరు. రెండోది మనుషులు చేసిన నిర్ణయం. మిగతా కథంతా దాని గురించే.

837 కిలోహెర్ట్జ్ రోజులు

ఈ సమస్య ఒకప్పుడు లేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మద్రాసు కేంద్రం తెలుగు కార్యక్రమాలతో సరిపెట్టుకుంటున్న కోస్తా ఆంధ్రకు అదే సొంత కేంద్రం. దాని మీడియం వేవ్ నంబరు 837 కిలోహెర్ట్జ్, ట్రాన్స్‌మిటరు బలం 100 కిలోవాట్లు. తరంగం పొడవు 358 మీటర్లు, ఎఫ్‌ఎం తరంగానికి నూట ఇరవై రెట్లు. ఇంత పొడవైన తరంగం నేలను అంటుకుని, వంపు వెంట సాగిపోతుంది. తడి నేల, ఉప్పు నీరు ఉన్నచోట మరీ సులువుగా సాగుతుంది. డెల్టా అంతా అలాంటి నేలే. పెదపాడుకు, ఆకివీడుకు, లంక గ్రామాలకు, బందరు తీరానికి ఒకే గొంతు ఒకే రీతిలో చేరింది. అంచు అనే మాటే అక్కర లేకపోయింది.

ఆ గొంతులు కూడా ఈ నేలవే. భక్తిరంజని కార్యక్రమంతో తెల్లవారుజామును మార్చేసిన బాలాంత్రపు రజనీకాంతరావు నిడదవోలులో పుట్టారు, తాడేపల్లిగూడెం పక్క స్టేషనే అనుకోవచ్చు. రామాయణ భారతాలను ఊరి అరుగు మీద చెప్పినంత చనువుగా చెప్పి, ధర్మసందేహాలు తీర్చిన ఉషశ్రీ కూడా పశ్చిమ గోదావరి మనిషే. బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు ఆ స్టూడియోలో పాడారు. పొలం పనుల కబుర్లు, ప్రాంతీయ వార్తలు, నాటకం, తుపాను హెచ్చరిక అన్నీ ఒకే స్టేషన్లో వచ్చేవి. రేడియో పెట్టుకున్నందుకు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టే పద్ధతి 1980ల దాకా సాగింది. ఆ రుసుము కట్టిన కొల్లేటి జాలరికీ బెజవాడ గవర్నరుపేట వ్యాపారికీ అందిన ప్రసారంలో తేడా లేదు. నా దృష్టిలో విజయవాడ కేంద్రం చేసిన గొప్ప పని ఇదే. డెల్టాను ఒక్క ఊరుగా భావించి మాట్లాడింది.

మీడియం వేవ్‌కు లోపాలు ఉన్నాయి. ఉరుము ఉరిమితే గరగర, మోటారు వేస్తే గరగర, ఎల్‌ఈడీ బల్బు వెలిగించినా గరగర. ఇప్పటి ఫోన్లలో అది అసలు పట్టదు. కొత్త కార్లలో కూడా వినేవాళ్లలో చాలామంది ఆ మీట నొక్కరు. పాట స్వచ్ఛంగా కావాలన్న కోరిక ఎఫ్‌ఎంను తెచ్చింది, ఎఫ్‌ఎం వెంట నగరం వలయం వచ్చింది.

108 నుంచి 21కి, 21 నుంచి 388కి

దేశంలో మొదటి ఎఫ్‌ఎం ప్రసారం 1977 జులై 23న మద్రాసు ఆకాశవాణి నుంచి మొదలైంది. తర్వాత పదహారేళ్ల పాటు అది ప్రభుత్వం చేతిలోనే మెల్లగా నడిచింది. 1993లో ఆకాశవాణి తన ఎఫ్‌ఎం సమయాన్ని గంటల లెక్కన ప్రైవేటు వాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టింది. అసలు తలుపు తీసింది సుప్రీంకోర్టు. 1995 ఫిబ్రవరి 9న క్రికెట్ ప్రసారాల కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి. ఆ ముగ్గురిలో విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తెలుగువారు. తరంగాలు ప్రభుత్వ గుత్తసొత్తుగా ఉండకూడదన్నారు, ప్రైవేటు గుత్తాధిపత్యం అంతకంటే ప్రమాదం కావచ్చని కూడా హెచ్చరించారు. ఆ తీర్పులోని మొదటి సగాన్ని ఎఫ్‌ఎం పరిశ్రమ బాగా గుర్తుపెట్టుకుంది.

ప్రజల ఆస్తిని ప్రభుత్వం వేలంలో పెట్టింది. మొదటి విడత 1999లో ప్రకటించారు. 40 నగరాల్లో 108 ఛానళ్లు. నికరంగా నడిచినవి 12 నగరాల్లో 21 మాత్రమే. ఆ పన్నెండింటిలో తెలుగు నగరం ఒక్కటే, విశాఖపట్నం. హైదరాబాదు లేదు, విజయవాడ లేదు. ఇంత ఘోరంగా ఎందుకు కూలిందో ఒక్క అంకె చెబుతుంది. వేలంలో పాడిన లైసెన్సు ఫీజును ఏడాదికి 15 శాతం చొప్పున పెంచుతూ పదేళ్లు కట్టాలి. మొదటి ఏడాది కోటి రూపాయలు కట్టినవాళ్లు పదో ఏడాది మూడున్నర కోట్లు కట్టాలి. ప్రకటనల ఆదాయం పెరిగినా పెరగకపోయినా ఫీజు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కౌలు రైతుకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది, పంట పండినా ఎండినా మక్తా కట్టాలన్న షరతు ఇది.

2005 జులైలో వచ్చిన రెండో విడత విధానం ఆ షరతును తీసేసింది. ఒకసారి ప్రవేశ రుసుము కట్టి, ఆపైన ఏటా ఆదాయంలో 4 శాతం ఇస్తే చాలు. 91 నగరాల్లో 338 ఛానళ్లు వేలానికి పెట్టారు. 2006లో హైదరాబాదులో 91.1 మీద రేడియో సిటీ, 98.3 మీద మిర్చి మొదలయ్యాయి. తర్వాత 92.7 మీద బిగ్, 93.5 మీద ఎస్ ఎఫ్‌ఎం వచ్చాయి, ఎస్ తర్వాత రెడ్‌గా మారింది. ఆకాశవాణి అప్పటికే 101.9 మీద రెయిన్‌బో, 102.8 మీద వివిధ భారతి నడుపుతోంది. విజయవాడ, రాజమండ్రి, తిరుపతి, వరంగల్ కూడా ఈ విడతలోనే ప్రైవేటు ఎఫ్‌ఎం విన్నాయి.

ఆ నంబర్లను జాగ్రత్తగా చూడండి. 92.7కు, 93.5కు మధ్య తేడా సరిగ్గా 0.8. ఒకే నగరంలో రెండు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడకుండా మన దేశంలో పెట్టుకున్న ఎడం 800 కిలోహెర్ట్జ్. 88 నుంచి 108 వరకు 20 మెగాహెర్ట్జ్ ఉంది. దాన్ని 0.8తో భాగిస్తే 25. ఎంత పెద్ద నగరమైనా సిద్ధాంతం ప్రకారం ఇరవై అయిదు స్టేషన్లకు మించి పట్టవు, ఆకాశవాణికీ సామాజిక రేడియోలకూ వాటా తీస్తే ఇంకా తగ్గుతాయి. ఈ ఎడాన్ని 400కు తగ్గించవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. తక్కువ సరుకు, ఎక్కువ బేరగాళ్లు ఉన్నచోట ధర ఎంత ఎగురుతుందో మూడో విడత చూపించింది. 2015లో ఢిల్లీలో ఒక్క ఛానల్ ధర 169 కోట్ల రూపాయలు దాటింది. ఆ ఏడాది తొలి దఫాలో 56 నగరాల్లో 97 ఛానళ్లు పోయాయి, వేలం పాట మొత్తం 1,150 కోట్లు దాటింది. 2016లో రెండో దఫాకు 92 నగరాల్లో 266 ఛానళ్లు పెడితే 48 నగరాల్లో 66 మాత్రమే అమ్ముడుపోయాయి, అది నాలుగో వంతు. పెద్ద నగరాలకు పోటీ, చిన్న పట్నాలకు మౌనం.

2024 నాటికి దేశంలో నడుస్తున్న ప్రైవేటు ఎఫ్‌ఎం ఛానళ్లు 388, అవి ఉన్న నగరాలు 113.

జనాభా లెక్కలో మన వాటా

లైసెన్సులకు నగరాలను తలల లెక్కతో విడదీశారు. నాలుగు మహానగరాలు ఏ ప్లస్. 20 లక్షలు దాటితే ఏ, 10 నుంచి 20 లక్షల దాకా బి, 3 నుంచి 10 లక్షల దాకా సి, లక్ష నుంచి 3 లక్షల దాకా డి. ప్రసార బలం కూడా తరగతిని బట్టే. బి నగరానికి 5 నుంచి 15 కిలోవాట్లు, డి పట్నానికి 1 నుంచి 3. ఈ లెక్కన విజయవాడ బి, ఏలూరు డి. లక్ష లోపు ఊరికి అక్షరమే లేదు. పెదపాడు మండలం మొత్తాన్ని కూడినా ఈ పట్టికలో ఎక్కడా కనబడదు. బి నగరం టవరు నుంచి చిందిన తరంగం ఏదైనా ఉంటే పెదపాడు పట్టుకోవచ్చు, అది పెదపాడు కోసం పంపినది మాత్రం కాదు.

వినేవాళ్లను లెక్కపెట్టే పద్ధతి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. టీవీకి రేటింగులు ఉన్నట్టే రేడియోకు టామ్ సంస్థ రామ్ పేరుతో ఒక కొలత నడిపింది. అది కొలిచిన నగరాలు నాలుగు: ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, బెంగళూరు. తెలుగు నగరం ఒక్కటీ లేదు. ప్రకటన ఇచ్చే కంపెనీ హైదరాబాదు శ్రోతనే అంచనాతో లెక్కగడుతుంటే, కలపర్రు శ్రోతను ఎవరు లెక్కిస్తారు? లెక్కలోకి రాని శ్రోత కోసం కార్యక్రమం తయారు కాదు. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్, మాల్‌లో కొత్త సినిమా, కాఫీ షాపులో ఆఫరు, ఇవన్నీ నగరం ఎఫ్‌ఎంలో ఉండటం సహజం, అది నగరం కోసం పెట్టిన స్టేషన్. చెరువు గట్టున రాత్రంతా కాపలా కాసే మనిషికి అవే కబుర్లు వినబడతాయి. అతనికి కావలసినవి వేరు. ఏరియేటర్లు తిప్పడానికి తెల్లవారుజామున కరెంటు ఉంటుందా, మబ్బు పట్టి చెరువులో ఆక్సిజన్ పడిపోయే రోజు రేపేనా, అవి కావాలి.

2024 ఆగస్టు 28న ఈ పరిస్థితిలో మార్పు వచ్చింది. మూడో విడతలో మిగిలిన 234 కొత్త నగరాల్లో 730 ఛానళ్లు వేలం వేయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆంధ్రప్రదేశ్‌కు 22 పట్నాల్లో 68, తెలంగాణకు 10 పట్నాల్లో 31. మన జాబితాలో కాకినాడకు, కర్నూలుకు నాలుగేసి, మిగతా ఇరవై పట్నాలకు మూడేసి. ఏలూరుకు 3, భీమవరానికి 3, మచిలీపట్నానికి 3. తాడేపల్లిగూడెం పేరు లేదు. 2011 జనగణనలో గూడెం పురపాలక సంఘం జనాభా లక్ష దాటింది, అయినా లేదు. నిట్ ఉంది, పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, రాష్ట్రమంతటికీ పేరున్న ఉల్లి, బెల్లం మార్కెట్ ఉంది, రేడియో మాత్రం పొరుగు పట్నాల దయ.

ధర సంగతి. 730 ఛానళ్లకు కలిపి కనీస ధర 784.87 కోట్లు. సగటున ఒక్కోదానికి కోటీ ఏడున్నర లక్షలు. లైసెన్సు గడువు 15 ఏళ్లు కాబట్టి రోజుకు పంచితే రెండు వేల రూపాయల లోపే పడుతుంది. ఇది దేశం మొత్తం సగటు, డి పట్నాలకు ఇంకా తక్కువ పడవచ్చు. ఏటా కట్టే ఫీజు జీఎస్టీ పోను ఆదాయంలో 4 శాతం. ఢిల్లీ 169 కోట్ల పక్కన పెడితే ఇది ఏలూరు పవర్‌పేట వ్యాపారులు నలుగురు కలిసి ఆలోచించగల మొత్తం. నడిపే ఖర్చు వేరు. టవరు, ట్రాన్స్‌మిటరు, కరెంటు, పాటల హక్కుల రుసుము, జీతాలు, ఇవన్నీ పట్నం ప్రకటనల మీదే రావాలి. 2016 వేలంలో మూడొంతులు మిగిలిపోయింది అందుకే.

ఇందులో ఒక మంచి నిబంధన ఉంది. ఒక నగరంలోని ఛానళ్లలో 40 శాతానికి మించి ఒకే సంస్థ చేతిలో ఉండకూడదు, కనీసం మూడు వేర్వేరు సంస్థలు ఉండాలి. మూడు ఛానళ్ల ఏలూరులో ముగ్గురు యజమానులు తప్పనిసరి. ఇంకో నిబంధన నాకు భయం కలిగిస్తోంది. మూడో విడతలో ఒక సంస్థ తన స్టేషన్లన్నింటినీ గొలుసుకట్టుగా కలిపి ఒకే కార్యక్రమం ప్రసారం చేయవచ్చు. అంటే ఏలూరు టవరు నుంచి విజయవాడ స్టూడియో గొంతో హైదరాబాదు స్టూడియో గొంతో రావచ్చు. అప్పుడు పెదపాడుకు స్పష్టంగా వినబడుతుంది, వినబడేది మళ్లీ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్కే అవుతుంది.

ఏలూరు టవరు 40 మీటర్లు అనుకుని పాత సూత్రమే వేద్దాం. 26 కిలోమీటర్లు, డాబా యాంటెన్నాకు 8, కలిపి 34. పెదపాడు, దెందులూరు, గుడివాకలంక, కైకలూరు ఆ వలయంలోకి హాయిగా వస్తాయి. గూడెం రాదు. భీమవరం టవరు అంతే ఎత్తున లేస్తే దాని అంచుకు గూడెం చేరుతుంది.

నీళ్లు వచ్చినప్పుడు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. దేశమంతా టీవీలో చూసింది. బుడమేరు అక్కడితో ఆగదు. కొల్లేటికి వస్తుంది. తమ్మిలేరు ఏలూరు పక్క నుంచి వస్తుంది, రామిలేరు వస్తుంది, ఇన్నింటి నీరూ సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. నగరంలో నీరు తీసిన తర్వాత రోజుల్లో ఆ నీరే లంకల్లోకి ఎక్కింది. నగరం వరద పల్లెకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజులే స్థానిక రేడియోకు అసలు పని. నీటిమట్టం ఎంత, ఏ రోడ్డు మూశారు, పడవ ఎక్కడ ఎక్కాలి, పశువుల మేత ఎక్కడ ఇస్తున్నారు.

ప్రైవేటు ఎఫ్‌ఎంకు సొంత వార్తలు చదివే అనుమతి లేదు. మూడో విడత విధానం ఆకాశవాణి వార్తలను మార్చకుండా తిరిగి వినిపించుకోనిచ్చింది, అంతే. అయితే అదే విధానం కొన్ని విషయాలు వార్తలు కావని తేల్చింది. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, కాలేజీ ప్రవేశాలు, ఉద్యోగ అవకాశాలు, కరెంటు నీటి సరఫరా సమాచారం, ప్రకృతి విపత్తులు, ఆరోగ్య హెచ్చరికలు, స్థానిక సాంస్కృతిక కార్యక్రమాలు. వరద రోజుల్లో కొల్లేటికి కావలసినది దాదాపు అంతా ఈ జాబితాలో ఉంది. ఏలూరు లైసెన్సు తీసుకునేవాళ్లకు చేతులు కట్టేసి లేవు.

వార్తల నిషేధం మాత్రం నాకు సమ్మతం కాదు. ఊళ్లో వార్తాపత్రిక పెట్టొచ్చు, యూట్యూబ్ ఛానల్ పెట్టొచ్చు, కేబుల్‌లో సిటీ ఛానల్ నడపొచ్చు, రేడియోలో మాత్రం పంచాయతీ సమావేశంలో ఏం తేలిందో చెప్పకూడదు. కంటిచూపు లేనివాళ్లకు, చదువురానివాళ్లకు, చేతిలో పని ఉన్నవాళ్లకు అందే సాధనానికే ఈ ఆంక్ష.

ఫోను సంగతి కూడా చెప్పుకోవాలి. ఇయర్‌ఫోన్ తీగే ఫోనులోని ఎఫ్‌ఎంకు యాంటెన్నా. మూడు మీటర్ల తరంగంలో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు, తీగ ఆ పొడవున ఉంటే బాగా పట్టుకుంటుంది. తీగ లేని ఇయర్‌ఫోన్లు వచ్చాక, కొత్త ఫోన్లలో ఎఫ్‌ఎం తీసేశాక ఆ దారి మూసుకుపోతోంది. 2023లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంచమని తయారీదారులకు సలహా ఇచ్చింది. సెల్ టవర్లు నీటిలో ఆగిపోయిన రోజు ఈ చిన్న చిప్పు విలువ తెలుస్తుంది.

వేలం అక్కరలేని దారి

ఇంకో తరగతి రేడియో ఉంది, దానికి వేలం లేదు. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా సామాజిక రేడియో లైసెన్సులు ఇవ్వడం మొదలైంది. ప్రసార బలం 100 వాట్లు, టవరు ఎత్తు 30 మీటర్లు, వినబడే దూరం 10 నుంచి 15 కిలోమీటర్లు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియోను మొదలుపెట్టారు. నంబరు 90.4. మనకు దగ్గర్లో భీమవరం విష్ణు మహిళా ఇంజనీరింగ్ కాలేజీలో విద్యార్థినులు నడిపే రేడియో విష్ణు నంబరు కూడా 90.4. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం బోల్ హైదరాబాద్ నంబరూ అదే. వలయాలు చిన్నవి కాబట్టి ఒకే నంబరు ఎన్ని ఊళ్లకైనా సరిపోతుంది. నగరంలో 800 కిలోహెర్ట్జ్ ఎడం కోసం కోట్లు పోస్తుంటే, ఇక్కడ ఒకే అంకెను మళ్లీ మళ్లీ వాడుకుంటున్నారు.

డబ్బు సంగతి కూడా 2024 ఫిబ్రవరిలో కొంత మెరుగైంది. గంటకు 7 నిమిషాలుగా ఉన్న ప్రకటనల సమయాన్ని 12 నిమిషాలు చేశారు, పది సెకన్ల ప్రభుత్వ ప్రకటనకు ఇచ్చే 52 రూపాయలను 74 చేశారు. 12 నిమిషాల్లో పది సెకన్ల ముక్కలు 72 పడతాయి, అన్నీ నిండితే గంటకు 5,328 రూపాయలు. అన్నీ నిండే గంట అరుదు. రోజుకు రెండు గంటల పాటు సగం నిండినా నెలకు లక్షన్నర దాటుతుంది, ముగ్గురు నలుగురి జీతాలూ కరెంటు బిల్లూ గడుస్తాయి.

దరఖాస్తు చేయడానికి అర్హత ఉన్నవి కాలేజీలు, విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, కనీసం మూడేళ్లు సేవ చేసిన లాభాపేక్ష లేని సంస్థలు. ఉండిలో, వెంకట్రామన్నగూడెంలో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. వట్లూరులో, ఏలూరులో కాలేజీలు ఉన్నాయి. పెదపాడులో 30 మీటర్ల స్తంభం నాటి 12 కిలోమీటర్ల వలయం గీస్తే విస్తీర్ణం 452 చదరపు కిలోమీటర్లు. కలపర్రు, అప్పనవీడు, వట్లూరు, ఏలూరు పడమటి పేటలు, కొల్లేటి ఉత్తరపు అంచు అందులోకి వస్తాయి. నిబంధనల ప్రకారం ఆ స్టేషన్ కార్యక్రమాల్లో కనీసం సగం ఆ వలయంలోని మనుషుల చేత, వాళ్ల భాగస్వామ్యంతో తయారు కావాలి. చేపల చెరువు రైతు, వరి కూలీ, లంక బడి పంతులు, అంగన్‌వాడీ టీచరు మైకు ముందు కూర్చోవాలి. బి నగరం లైసెన్సులోనూ డి పట్నం లైసెన్సులోనూ లేని షరతు అది.